ప్రసంగ వేదిక మీద యుద్ధ వార్తలు, పొరుగు మతాలు

సంపాదకులు గారికి,

పశ్చిమాసియాలో యుద్ధం ముదిరిన ప్రతిసారీ ఆ తర్వాతి ఆదివారం మన గుంటూరు, విజయవాడ చర్చిల్లో మూడు పనులు జరుగుతున్నాయి. యుద్ధం గురించి ప్రార్థన చేస్తారు. ఇది ఫలానా ప్రవచనం నెరవేర్పేనని ఎవరో ఒకరు ప్రకటిస్తారు. ఈ రెండింటి నడుమ పక్క వీధిలోని ముస్లింల మీదో, ఎదురింటి హిందువుల మీదో ఒక మాట జారుతుంది. మొదటిది చేయాల్సిన పనే, కాకపోతే తయారై చేయాలి. రెండోది మానుకోవాలి. మూడోది సాక్షాత్తూ దైవాజ్ఞను మీరడం. ఈ మూడింటి గురించి పాస్టర్లూ సంఘ పెద్దలూ ఆలోచించాలన్న ఉద్దేశంతో మీ పత్రిక ద్వారా ఈ లేఖ రాస్తున్నాను.

"నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్నది నిర్గమకాండం 20:16. లూథరన్లూ కేథలిక్కులూ దాన్ని ఎనిమిదో ఆజ్ఞగా లెక్కిస్తారు, సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం), బాప్టిస్టు సంఘాల వాళ్లు తొమ్మిదోదిగా. అంకె ఏదైనా ఆజ్ఞ ఒక్కటే. 1529లో జర్మనీ మత సంస్కర్త మార్టిన్ లూథర్ పిల్లల కోసం రాసిన చిన్న ఉపదేశ పుస్తకంలో దీనికి ఇచ్చిన వివరణ మన కన్ఫర్మేషన్ (విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకునే వేడుక) క్లాసుల్లో చెప్పేదే: పొరుగువాడి మీద అబద్ధం ఆడకపోతే సరిపోదు, అతని తరఫున మాట్లాడాలి, అతని గురించి మంచి చెప్పాలి, అతను చేసేదానికి వీలైనంత మంచి అర్థం తీసుకోవాలి. ఆ పొరుగువాడు క్రైస్తవుడై ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. పద్నాలుగేళ్ల పిల్లల చేత కంఠస్థం చేయించే మాటను మైకు పట్టుకున్న పెద్దలు మరిచిపోవడం బాధగా ఉంది.

ముందు ప్రవచనాల సంగతి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య పన్నెండు రోజుల యుద్ధం నడిచినప్పుడు యిర్మీయా 49వ అధ్యాయంలోని ఏలాము ప్రవచనం వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఏలాము అంటే ఇరాన్ నైరుతి భాగం, అంతవరకూ నిజమే. అయితే ఈ సందేశాల్లో ఎక్కువ భాగం 35వ వచనంలో మొదలై 38తో ఆగిపోయాయి. విల్లు విరిచేస్తాను, నాలుగు దిక్కులకూ చెదరగొడతాను, సింహాసనం వేస్తాను అన్నంతవరకే. ఆ ప్రవచనం ముగిసేది 39వ వచనంతో. అంత్యదినాల్లో చెరపట్టబడిన ఏలాము వారిని మళ్లీ రప్పిస్తానన్న వాగ్దానం ఉన్నది అక్కడ. దాన్ని కోసేసి చదివితే శిక్ష మిగులుతుంది, కరుణ పోతుంది. అపొస్తలుల కార్యములు 2:9 తెరిస్తే పెంతెకొస్తు నాడు పేతురు ప్రసంగం విన్న జనంలో పార్తీయులూ మాదీయులూ ఏలామీయులూ ఉన్నారు. అంటే తొలి సంఘం పుట్టినరోజునే ఇరాన్ నేల మనుషులు అక్కడ నిలబడి విన్నారు. ఈనాటికీ ఇస్ఫహాన్‌లో 17వ శతాబ్దం నాటి అర్మేనియన్ కథీడ్రల్ ఉంది, ఇరాన్ పార్లమెంటులో అర్మేనియన్, అస్సీరియన్ క్రైస్తవులకు మూడు స్థానాలున్నాయి. అదే దేశంలో ఇస్లాం వదిలి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు జైలుపాలవుతున్న మాటా నిజం. ఇరాన్ కోసం ప్రార్థించే మనిషికి ఇవన్నీ తెలిసుండాలి. ఒక్క ముక్క పట్టుకుని దేశాన్నంతా శత్రువు చేయకూడదు.

యెహెజ్కేలు 38లో ఇశ్రాయేలు మీదికి దండెత్తి వచ్చే గోగు, అతని దేశం మాగోగుల గురించి చెప్పిన అర్థాల చరిత్ర చూడండి. నాలుగో శతాబ్దంలో బిషప్ అంబ్రోస్ గోగు అంటే గోత్ జాతివాళ్లన్నాడు. పదహారో శతాబ్దంలో లూథర్ తురుష్కులన్నాడు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిల్ వివరణలు రష్యా వైపు వేలు చూపాయి, సోవియట్ యూనియన్ ఉన్నన్నాళ్లూ అదే ఖాయమని చెప్పారు. ఏ తరానికి ఎవరంటే భయమో వాళ్లే గోగు అయ్యారు. తేదీలు కట్టినవాళ్ల గతీ అంతే. అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని పొలాలు కోయకుండా వదిలేశారు. అమెరికా రేడియో బోధకుడు హరాల్డ్ కాంపింగ్ 2011 మే 21 అన్నాడు, అది గడిచాక అక్టోబరు 21 అన్నాడు. నష్టపోయింది నమ్మిన సామాన్యులు. ఉద్యోగాలు వదిలారు, దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టారు, ఆ తర్వాత కొందరు విశ్వాసమే వదిలేశారు. ప్రభువు ఒలీవల కొండ మీద యుద్ధాల గురించి చెప్పినప్పుడు "మీరు కలవరపడకుండ చూచుకొనుడి" అన్నాడు, "అంతము వెంటనే రాదు" అనీ అన్నాడు. మత్తయి 24:6 చదివి జనాన్ని కలవరపెట్టే ప్రసంగికులు ఆ వచనం పూర్తిగా చదవలేదనే అనుకోవాలి.

విపత్తుల విషయంలోనూ ఇదే తప్పు. తుపాను, వరద, భూకంపం ఏది వచ్చినా "ఆ ఊరి పాపం పండింది" అనేవాళ్లు తయారుగా ఉంటారు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే వాళ్లు యెరూషలేములోని మిగతావారికన్నా అపరాధులా అని యేసు సూటిగా అడిగి, కాదని ఆయనే జవాబిచ్చాడు (లూకా 13:4, 5). 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మీద, 2024 సెప్టెంబరు 1 నాటి బుడమేరు వరద మీద ఏ పాస్టరు గారైనా తీర్పు చెప్పదలిస్తే ముందు ఈ రెండు వచనాలు సంఘానికి చదివి వినిపించాలి.

ఇక అబద్ధపు ప్రార్థనా విన్నపాలు. "భారతదేశంలో బౌద్ధ తీవ్రవాదులు రాత్రి ఇరవై చర్చిలు తగలబెట్టారు, ఒలిసబాంగ్ రాష్ట్రంలో మరో రెండు వందలు తగలబెట్టబోతున్నారు, 24 గంటల్లో రెండు వందల మంది మిషనరీలను చంపుతారు" అనే సందేశం ఏళ్లుగా ప్రపంచమంతా తిరుగుతోంది. ఒలిసబాంగ్ అనే రాష్ట్రం మన దేశంలో లేదు. మన దేశం గురించిన అబద్ధాన్ని మనవాళ్లే కన్నీళ్లతో ఫార్వర్డ్ చేశారు! అఫ్గానిస్తాన్‌లో 22 మంది మిషనరీలకు రేపు మరణశిక్ష అనే సందేశం కూడా అలాంటిదే. దాని వెనక జరిగింది వేరు: 2007 జూలైలో తాలిబన్లు 23 మంది దక్షిణ కొరియా క్రైస్తవులను బందీలుగా పట్టుకున్నారు, ఇద్దరిని చంపారు, మిగతా 21 మందిని ఆగస్టు చివరికల్లా విడిచిపెట్టారు. ఆ పాత గాయానికి కొత్త తేదీ తగిలించి మళ్లీ మళ్లీ పంపుతున్నారు.

దీనివల్ల ఏం పోయిందని కొందరు అడుగుతారు, ప్రార్థనే కదా అంటారు. చాలా పోతుంది. నిజంగా హింస జరిగిన చోట్లు ఉన్నాయి. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు కొడుకులనూ జీపులో కాల్చి చంపారు. 2008లో ఒడిశాలోని కంధమాల్, 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ ఆరాధనలో ఉండగా శ్రీలంక చర్చిలు, 2023 మే నుంచి మణిపూర్. వీటి గురించి మాట్లాడినప్పుడు బయటివాళ్లు నమ్మాలంటే ఒలిసబాంగ్ మన నోటి నుంచి వచ్చి ఉండకూడదు. అంతేగాక, జరగని హత్యను బౌద్ధుల మీదో ముస్లింల మీదో మోపితే అది అబద్ధసాక్ష్యం. ప్రార్థన రూపంలో చెప్పినంత మాత్రాన దోషం తగ్గదు, దేవుడి ముందు చెప్పాం గనుక పెరుగుతుంది.

కాబట్టి ఆదివారపు విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థన, ఎలా తయారు చేయాలో చెబుతాను. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది ఏమంటే, ఆరాధన మధ్యలో పాస్టరు గారు ఎవరో ఒక పెద్దను పిలిచి "లోకం కోసం ప్రార్థన చేయండి" అంటారు. తయారీ లేని మనిషి నోటికి వచ్చేది ఆ ఉదయం ఫోన్‌లో చూసిన చివరి సందేశమే. తప్పులు అక్కడ పుడుతున్నాయి.

ఈ బాధ్యత వారం ముందే ఒకరికి అప్పగించాలి. ఆ మనిషి శనివారం రాత్రికల్లా ఒక కాగితం మీద ప్రార్థన రాసుకోవాలి. నాలుగు నిమిషాలు మించకూడదు, అంటే పెద్ద అక్షరాలతో ఒక పేజీన్నర. దేశాలు, ఊళ్లు కలిపి మూడింటికి మించొద్దు, పది పేర్లు చదివితే వినేవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు. రెండు పత్రికల్లో వచ్చిన వార్తనే తీసుకోవాలి. మృతుల సంఖ్య రెండింటిలో వేరువేరుగా ఉంటే సంఖ్య చెప్పకుండా వదిలేయాలి, దేవుడికి లెక్క తెలుసు. ఫొటో చూసి చలించి ప్రార్థన రాయబోతుంటే ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతకాలి. సిరియాలో పదేళ్ల కింద తీసిన బొమ్మ గాజా పేరుతో వస్తుంది, భూకంపం బొమ్మ బాంబుదాడి పేరుతో వస్తుంది. ఈ పనికి పట్టేది రెండు నిమిషాలు.

రాసేటప్పుడు ఇరువైపుల మనుషులూ కనబడాలి. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. వాళ్ల ఇళ్ల కోసం ప్రార్థించాలి. ఆ తర్వాత గాజాలో కూలిన ఇళ్ల కింద పోయిన పిల్లల కోసమూ అదే గొంతుతో ప్రార్థించాలి. గాజాలో క్రైస్తవులున్నారని మన సంఘాల్లో చాలామందికి తెలియదు. యుద్ధానికి ముందు వెయ్యి మంది అటూ ఇటుగా ఉండేవారు. 2023 అక్టోబరు 19న అక్కడి సెయింట్ పోర్ఫిరియస్ ఆర్థొడాక్స్ చర్చి ఆవరణలో తలదాచుకున్న వాళ్లు వైమానిక దాడిలో చనిపోయారు. 2025 జూలై 17న కేథలిక్కుల హోలీ ఫ్యామిలీ చర్చి దెబ్బతిని ముగ్గురు పోయారు. ఆ ఏడాదే జూన్ 22న డమాస్కస్‌లో మార్ ఎలియాస్ చర్చిలో ఆరాధన జరుగుతుండగా ఆత్మాహుతి దాడి జరిగింది. 2023 క్రిస్మస్‌కు బేత్లెహేములోని లూథరన్ చర్చి పశువుల తొట్టికి బదులు శిథిలాల రాళ్లు పేర్చి, వాటి మధ్య బాలయేసును పడుకోబెట్టింది. ఆ చర్చీ, గుంటూరు కేంద్రంగా ఉన్న మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘమూ ఒకే ప్రపంచ లూథరన్ సమాఖ్యకు చెందినవి. ఇజ్రాయెల్ జెండా పట్టుకుని వీధిలో ఊరేగే విశ్వాసులు బేత్లెహేములో తమ కుటుంబ సభ్యులు ఉన్నారన్న సంగతి ఒకసారి తలచుకోవాలి.

ప్రార్థనలో దేవుడికి వార్తలు చదివి వినిపించకూడదు. ఒక్కో చోటికి ఒక వాక్యంలో జరిగింది, ఒక వాక్యంలో బాధపడుతున్నవాళ్లు, ఒక వాక్యంలో అడిగేది చాలు. తర్వాత 1 తిమోతి 2:1, 2 ప్రకారం అధికారుల కోసం. చివర అర నిమిషం మౌనం. ఆ మౌనాన్ని కీబోర్డుతో నింపొద్దు. మరో మాట, ప్రార్థనలో మతాలను తిట్టడం, "ఆ చీకటిలో ఉన్న జనులు" అంటూ లౌడ్‌స్పీకర్లో వీధికి వినబడేలా అనడం ప్రార్థన కాదు, పక్కింటివాడి మీద విసిరిన రాయి. స్పీకర్ హాలు లోపలి వాళ్లకు వినబడితే చాలు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదనీ, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటి స్పీకర్లు వాడకూడదనీ 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఇది అన్ని మతాలకూ వర్తించేదే అయినా, మనం ముందు పాటిద్దాం.

పొరుగు మతాల గురించి ప్రసంగంలో మాట్లాడక తప్పని సందర్భాలు ఉంటాయి. అప్పుడు పాటించాల్సిన పద్ధతి ఒకటి. వాళ్ల నమ్మకాన్ని మనం చెబుతుంటే వాళ్లే అక్కడ కూర్చుని విని "అవును, మేం నమ్మేది ఇదే" అనాలి. ఆ తర్వాతే మనకూ వాళ్లకూ తేడా ఎక్కడో చెప్పాలి. ముస్లింలకు యేసు తెలియదని చెప్పే ప్రసంగాలు నేటికీ వినబడుతున్నాయి. ఖురాన్ 19వ సూరా (అధ్యాయం) పేరే మర్యమ్, అంటే మరియ. ఈసా (యేసు) కన్యకకు పుట్టాడని వాళ్లు నమ్ముతారు. ఆయన సిలువ మరణాన్ని ఒప్పుకోరు (4:157), ఆయన దేవుని కుమారుడన్న మాటను ఒప్పుకోరు. తేడా చిన్నది కాదు, మన రక్షణ సిద్ధాంతమంతా అక్కడే ఉంది. ఆ తేడాను గౌరవంగా చెప్పొచ్చు, దాచనక్కర్లేదు. హిందువులు రాళ్లకు మొక్కుతారు అనే మాటా అంతే. ప్రాణప్రతిష్ఠ జరిగాకే అది పూజార్హమని, వినాయకుడికి ఉద్వాసన చెప్పాకే మట్టిని నీళ్లలో కలుపుతారని వాళ్లకు స్పష్టంగా తెలుసు. మనం ఒప్పుకోనిది సృష్టికర్తను సృష్టిలోని రూపంతో ఆరాధించడాన్ని. అంతవరకే చెప్పాలి. యెషయా 44లోని విగ్రహాల మీది ఎత్తిపొడుపు ఇశ్రాయేలు తన సొంత జనానికి చెప్పుకున్నది, పొరుగువాడి గుమ్మం ముందు నిలబడి చదవడానికి రాసింది కాదు.

అపొస్తలుడు పౌలు ఏథెన్సులో సువార్త ఎలా చెప్పాడో అందరూ చెబుతారు. ఎఫెసులో ఏం చేయలేదో ఎవరూ చెప్పరు. అక్కడ అర్తెమి దేవి భక్తులు రెండు గంటలపాటు కేకలేసి ఊరంతా గందరగోళం చేసినప్పుడు, క్రైస్తవుడు కాని ఆ ఊరి కరణమే లేచి ఒక సాక్ష్యం చెప్పాడు: వీళ్లు గుళ్లు దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించినవాళ్లూ కారు (అపొ. కా. 19:37). రెండేళ్లకు పైగా ఆ ఊళ్లో సువార్త చెప్పిన మనిషికి దొరికిన యోగ్యతాపత్రం అది. మన వీధిలోని గుడి పూజారి గారు, మసీదు ఇమాం గారు మన పాస్టర్ల గురించి ఆ మాట చెప్పగలరా? సువార్త ప్రకటనకు వెళ్లే బృందాలు బయలుదేరే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే.

ఇది ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరు వచ్చింది 1842లో. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కట్టిన ఆసుపత్రిలో అన్ని కులాల, మతాల స్త్రీలూ పురుడు పోసుకున్నారు. 1924లో మొదలైన గుణదల మాత కొండకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో వచ్చే జనంలో కొబ్బరికాయ కొట్టేవాళ్లూ తలనీలాలు ఇచ్చేవాళ్లూ ఉంటారు. దాన్ని చూసి ముఖం చిట్లించే ప్రొటెస్టెంట్లు ఉన్నారు. సిద్ధాంతపరంగా అభ్యంతరం ఉంటే ఉండొచ్చు, అక్కడికి వచ్చిన తల్లి బాధను మాత్రం తక్కువ చేయకూడదు. క్యాలెండర్ కూడా మనల్ని కలుపుతూనే ఉంటుంది. 2025లో రంజాన్ ఉపవాసాలు మార్చి 2న మొదలైతే ఈస్టరుకు ముందు మన ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారం 5న వచ్చింది, ఉగాది 30న, రంజాన్ పండగ 31న. నలభై రోజుల శ్రమల దినాల ఉపవాస కూటాలు సాయంత్రం పెట్టుకునే సంఘాలు ఇఫ్తార్ వేళకు రోడ్డు మీద బండ్లు అడ్డం పెట్టకుండా చూసుకుంటే అదీ ఒక సాక్ష్యమే.

ప్రార్థన తర్వాత చేతి పని ఉంది. కరవు రాబోతోందని అగబు అనే ప్రవక్త చెప్పినప్పుడు అంతియొకయ సంఘం యుగాంతం లెక్కలు వేయలేదు. "తన తన శక్తికొలది" చందా వేసి బర్నబా, సౌలుల చేత యూదయకు పంపింది (అపొ. కా. 11:28-30). డబ్బు విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా పౌలు ఒక్కడే మోయకుండా మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:18-21). మన సంఘాల్లో సహాయ నిధులు గొడవలకు దారితీయడానికి కారణం ఇది పాటించకపోవడమే. లెక్కపెట్టేవాళ్లు ఇద్దరు ఉండాలి, వాళ్లు ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ప్రతి రూపాయికీ రసీదు. ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అనే కాగితం వచ్చే ఆదివారానికల్లా నోటీసు బోర్డు మీద ఉండాలి. విదేశాలకు డబ్బు పంపడం నిబంధనలతో ముడిపడిన పని, స్థానిక సంఘం సొంతంగా చేయబోవద్దు, డయాసిస్ లేదా సినడ్ (సంఘాల పై పాలక మండలి) ద్వారా వెళ్లాలి.

అన్నం పొట్లంలో కరపత్రం పెట్టకండి. బుడమేరు నీళ్లలో ఇళ్లు మునిగిన సింగ్ నగర్ లాంటి చోట రెండు రోజులు తిండి లేని మనిషికి పులిహోరతో పాటు ట్రాక్టు ఇస్తే, ఆ అన్నం వెల కట్టిన అన్నం అవుతుంది. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు దారిలో గాయపడి పడి ఉన్న మనిషికి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రం వాడికి రెండు దేనారములు ఇచ్చి మిగతాది తిరిగొచ్చి ఇస్తానన్నాడు. గాయపడ్డవాడికి అతను చేసిన బోధ ఒక్క ముక్క కూడా ఆ కథలో లేదు. సహాయాన్ని మత ప్రచారానికి వాడకూడదన్న నియమం 1994 నాటి రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళిలోనూ ఉంది. ఎవరైనా వచ్చి మీరెవరు, ఎందుకు చేస్తున్నారని అడిగితే అప్పుడు చెప్పండి, 1 పేతురు 3:15 చెప్పినట్టు సాత్వికంతో.

యుద్ధం వచ్చినప్పుడు సంఘం చేయగల ఇంకో పని మన కళ్ల ముందే ఉంది. మన ప్రాంతం నుంచి కువైట్, ఖతర్, దుబాయ్ వెళ్లినవాళ్లు, ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్న తెలుగువాళ్లు ఎందరో. వాళ్లలో మన విశ్వాసులూ ఉన్నారు, పక్కింటి ముస్లిం పిల్లలూ ఉన్నారు. ప్రతి సంఘం ఒక పుస్తకం పెట్టి, వీధిలోని అన్ని మతాల కుటుంబాల నుంచి అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే, వెళ్లినవారి పేరు, పాస్‌పోర్టు నకలు, యజమాని ఫోను, అక్కడి చిరునామా, అక్కడే ఉన్న మరో తెలుగువాడి నంబరు రాసి ఉంచాలి. ఆ పుస్తకం తాళం వేసిన బీరువాలో ఉండాలి, వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. 2023 అక్టోబరులో ఆపరేషన్ అజయ్, 2025 జూన్‌లో ఆపరేషన్ సింధు కింద కేంద్రం మనవాళ్లను వెనక్కి తెచ్చినప్పుడు ముందు కావాల్సింది ఎంబసీలో పేరు నమోదు. ఇక్కడ తల్లిదండ్రులకు ఆ ఫారం నింపడం రాకపోవచ్చు. యువజన సమాజంలో చదువుకున్న ఇద్దరు పిల్లలు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఎలా వాడాలో నేర్చుకుని ఉంటే ఆ రోజు అర్ధరాత్రి ఏ తలుపు తట్టాలో వీధికంతటికీ తెలుస్తుంది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. యుద్ధం వచ్చినప్పుడు మీ విలేకరులు స్థానిక ప్రసంగికుల దగ్గరకు వెళ్లి ఇది బైబిల్లో ఉందా అని అడుగుతారు. అడగండి, కానీ ఏ అధ్యాయం, ఏ వచనం, అంతకుముందు అంతకుతర్వాత ఏముంది అని కూడా అడిగి రాయండి. ఇజ్రాయెల్ వార్తను క్రైస్తవ వార్తగానూ, పాలస్తీనా వార్తను ముస్లిం వార్తగానూ విడదీసి వేయకండి. గాజా, బేత్లెహేము, డమాస్కస్, ఇస్ఫహాన్‌లలోని చర్చిల సంగతులు కూడా వారానికి ఒక్క చిన్న పెట్టె కట్టి వేస్తే, శనివారం రాత్రి ప్రార్థన రాసుకునే పెద్దలకు అది చేతికి అందివస్తుంది.

ఇట్లు,
ఒక బైబిల్ ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు